ఎవరూ అడగని ఫోటోలు

మన బడిలో చదివిన వాళ్లకు రాకెట్టు ఎలా ఎగురుతుందో వర్ణించి చెప్పనక్కర్లేదు. ప్రార్థన గంటకు ముందే మైదానంలో ఆగ్నేయం వైపు తిరిగి నిలబడేవాళ్లం. ముందు వెలుగు, దాని వెనక తెల్లటి చార, ఆ చార గాలికి వంకర్లు పోతున్నప్పుడు ఎప్పటికో తీరిగ్గా ఉరుములాంటి చప్పుడు. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్‌ఎల్‌వీ-3 సముద్రం పాలైనప్పుడు నేను ఏడో తరగతి. మరుసటి ఏడాది జులై 18న రెండోది రోహిణిని కక్ష్యలోకి చేర్చినప్పుడు ఎనిమిదో తరగతి. ఆ రోజు మా సోషలు మాస్టారు పాఠం పక్కనబెట్టి, బోర్డు మీద గుండ్రంగా భూమిని గీసి, "పైకెక్కినవాడు ఊరుకోడురా, కిందికి చూస్తాడు" అన్నారు. మేమంతా నవ్వాం. బడి ప్రహరీ ఎక్కితే ఎవరింట్లో ఏం జరుగుతోందో చూసేవాళ్లం మేమే కదా.

2017 ఫిబ్రవరి 15, బుధవారం. అమ్మ సంవత్సరీకానికి ఊరికి వచ్చి ఉన్నాను. ఉదయం 9:28కి పీఎస్‌ఎల్‌వీ-సీ37 లేచింది. మైదానంలో పిల్లలు, గోడ ఇవతల మేము. ఒకే రాకెట్టులో 104 ఉపగ్రహాలు. అంతకుముందు రికార్డు రష్యా రాకెట్టు తీసుకెళ్లిన 37. టీవీలన్నీ ఆ అంకెనే పట్టుకున్నాయి. పట్టుకోవాల్సిందే, శ్రీహరికోటలో మనవాళ్ల పనితనం అలాంటిది. అయితే ఆ 104లో మనవి మూడు: 714 కిలోల కార్టోశాట్ ఒకటి, బుల్లి ఉపగ్రహాలు రెండు. మిగిలిన 101లో 88 ఒకే కంపెనీవి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్లానెట్ అనే కంపెనీ తయారుచేసిన, ఒక్కొక్కటీ ఐదు కిలోలు కూడా తూగని పెట్టెలవి. వాటికి పెట్టిన పేరు డవ్, అంటే పావురం. ఒకే రకం పావురాలు అన్నెందుకు, అవి పైకి వెళ్లి ఏం చేస్తాయి అన్నది ఆ రోజు ఎవరూ పెద్దగా చెప్పలేదు. మన మైదానంలో నిలబడి సాగనంపిన వాటి కథ మన సంచికలో ఉండటం న్యాయం అనిపించి ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను ఉపగ్రహాలు నడిపినవాణ్ణి కాను. హైదరాబాదులో మ్యాపులు తయారుచేసే ఒక చిన్న సంస్థలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఉపగ్రహ చిత్రాలు కొనడం, వాటి మీద రోడ్లూ కాలువలూ పొలం గట్లూ గీయడం మా పని. అంటే వంటవాణ్ణి కాదు, రోజూ భోంచేసినవాణ్ణి. రుచుల తేడా మాత్రం తెలుసు.

మన సంఘం పెట్టిన 1975లోనే ఆర్యభట్ట ఎగిరింది. దానికి మూడేళ్ల ముందు, 1972 జులై 23న, అమెరికా మొదటి ల్యాండ్‌శాట్‌ను పంపింది. పంట, అడవి, నీరు, రాయి విడివిడిగా తెలిసేలా నేలను చిత్రించడం దాని పని. 1974లో హైదరాబాదులో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ వచ్చింది. 1979లో షాద్‌నగర్ దగ్గర పెద్ద యాంటెన్నా పెట్టి ల్యాండ్‌శాట్ సంకేతాలను నేరుగా అందుకోవడం మొదలుపెట్టారు. ఈ రంగంలోకి వచ్చిన మా తరం తెలుగువాళ్లలో షాద్‌నగర్ పేరు వినకుండా పని నేర్చుకున్నవాళ్లు ఉండరు.

ఇంతవరకూ ఇది ప్రభుత్వాల పని. దీన్ని వ్యాపారంగా నడపవచ్చన్న ఆలోచన అమెరికాలో 1970ల చివర బలపడింది. 1984లో చట్టం చేశారు. మరుసటి ఏడాది ల్యాండ్‌శాట్ చిత్రాల అమ్మకం ఇయోశాట్ అనే ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లింది. ఒక్కో దృశ్యం ధర ఎగబాకుతూ 4,400 డాలర్ల దాకా పోయింది. విశ్వవిద్యాలయాల వాళ్లు కొనడం తగ్గించేశారు. కొనేవాళ్లు తగ్గితే డబ్బెక్కడిది? 1989లో, పైన నిక్షేపంలా పనిచేస్తున్న రెండు ఉపగ్రహాలను ఖర్చులకు డబ్బు లేదని ఆపేయమంటూ ఉత్తర్వు వచ్చింది. చివరి క్షణంలో పెద్దలు కలగజేసుకుని నిధులు సర్దారు కాబట్టి బతికాయి. ఆ రెండింటిలో ఒకటైన ల్యాండ్‌శాట్-5 ఆ తర్వాత 2013 దాకా పనిచేసిందంటే, ఆ ఉత్తర్వు అమలై ఉంటే ఎంత పోయేదో ఊహించండి.

దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది, అది అప్పుడెవరికీ కనబడలేదు. కంపెనీ కాబట్టి కొనేవాడున్న చోటే కెమెరా తెరిచింది. ఎవరూ అడగని చోట్లను తీయకుండా దాటేసింది. ఇవాళ ల్యాండ్‌శాట్ పాత చిత్రాలు తిరగేస్తే 1980ల చివర, 1990ల మొదట్లో ప్రపంచంలో చాలాచోట్ల ఖాళీలే. అప్పుడా అడవి ఎంతుండేది, ఆ ఏరు ఎటు పారేది అంటే ఇప్పుడు కోట్లు గుమ్మరించినా జవాబు రాదు. నిన్నటి ఫోటో ఈరోజు తీయలేం. అడిగితే తీసే కెమెరా వేరు, అడగకపోయినా తీసి పెట్టే కెమెరా వేరు. ఈ వ్యాపారపు చరిత్రంతా ఆ రెంటి మధ్య నడిచిందని నా లెక్క.

అడిగితే తీసే పద్ధతికి పదును పెట్టింది ఫ్రాన్సు. 1986 ఫిబ్రవరిలో వాళ్లు పంపిన స్పాట్-1లో పక్కకు తిప్పగలిగే అద్దం ఉండేది. ఉపగ్రహం నెత్తిమీదికి రాకపోయినా ఏటవాలుగా చూసి ఫోటో తీయగలదు. నేల మీద 10 మీటర్ల వస్తువును పట్టగలదు. అది ఎగిరిన రెండు నెలలకే, ఏప్రిల్ 26న, చెర్నోబిల్ ప్రమాదం. సోవియట్ ప్రభుత్వం పెదవి విప్పని ఆ రోజుల్లో ల్యాండ్‌శాట్, స్పాట్ చిత్రాలే టీవీల్లో కనిపించాయి. డబ్బిస్తే ఎవరైనా మరో దేశపు పెరట్లోకి తొంగిచూడొచ్చని జనానికి తెలిసింది అప్పుడే.

మన సంగతికి వస్తే, ఐఆర్‌ఎస్-1ఏ 1988 మార్చిలో బైకనూరు నుంచి వెళ్లింది. అసలు పేరు తెచ్చింది 1995 డిసెంబరు 28న వెళ్లిన ఐఆర్‌ఎస్-1సీ. దాని కెమెరా 5.8 మీటర్ల దాకా చూడగలిగేది. తీసిన బొమ్మను వెంటనే భూమికి పంపే పౌర ఉపగ్రహాల్లో అప్పటికి అంత నిశితమైన చూపు మరొకదానికి లేదు. రెండేళ్ల ముందు ల్యాండ్‌శాట్-6 కక్ష్య చేరకుండానే పోయింది. ఆ లోటులో అమెరికన్ కంపెనీయే మన యాంట్రిక్స్‌తో ఒప్పందం చేసుకుని మన చిత్రాలను ప్రపంచమంతా అమ్మింది. మా ఆఫీసుకు అమెరికా నుంచి వచ్చిన రంగుల బ్రోషరులో మన ఉపగ్రహం బొమ్మ చూసి మేమంతా దాన్ని చేతులు మార్చుకుంటూ చూశాం. తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో మనలాంటి తీరప్రాంతపు టోపో షీటు కావాలంటే అనుమతి కాగితాల కట్ట పట్టుకుని తిరగాలి. మన ఊరి ఉపగ్రహ చిత్రం డాలర్లు పెడితే దొరికేది, మన ఊరి మ్యాపు మనకు దొరికేది కాదు.

1992లో అమెరికా చట్టం మార్చింది. 1994లో మీటరు దాకా చూడగల ఉపగ్రహాలను ప్రైవేటు వాళ్లు సొంతంగా పెట్టుకోవడానికి దారి తెరిచింది. దేశ భద్రత అవసరమైతే ఫలానా చోట తీయవద్దని ప్రభుత్వం ఆపించవచ్చన్నది షరతు. కంపెనీలు ఎగబడ్డాయి, ఒకదాని తర్వాత ఒకటి బోర్లాపడ్డాయి. 1997 డిసెంబరులో వెళ్లిన ఎర్లీబర్డ్ నాలుగు రోజులకే మూగబోయింది. 1999 ఏప్రిల్‌లో మొదటి ఇకోనోస్ రాకెట్టు తొడుగు విడిపోక కూలింది. 2000లో క్విక్‌బర్డ్-1, 2001లో ఆర్బ్‌వ్యూ-4 కక్ష్యకు చేరలేదు. ఏళ్ల తరబడి కట్టిన, కోట్ల డాలర్ల ఉపగ్రహం ఒక్కటే ఉంటుంది, అది పోతే కంపెనీ ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క ఆవు మీద బతికే ఇల్లు లాంటి పరిస్థితి.

1999 సెప్టెంబరు 24న రెండో ఇకోనోస్ గట్టెక్కింది. మీటరంత వస్తువు కనిపించే చిత్రం మార్కెట్లోకి వచ్చింది. రెండేళ్లకు అఫ్గానిస్థాన్ యుద్ధం మొదలైంది. ఆ దేశం మీద ఇకోనోస్ తీసే చిత్రాల హక్కులన్నీ అమెరికా రక్షణ శాఖ మ్యాపుల సంస్థ టోకున కొనేసింది. కెమెరా మూయించే అధికారం చట్టంలో ఉంది, దాన్ని బయటికి తీయలేదు. చెక్కు రాసిస్తే పని అయిపోయింది. అప్పటి నుంచి ఈ వ్యాపారానికి పెద్ద ఆసామి ఎవరో దాపరికం లేకుండా పోయింది. ఆ ఆసామి కొనుగోళ్లు తగ్గించేసరికి, పోటీలో ఉన్న రెండు పెద్ద కంపెనీలు జియోఐ, డిజిటల్‌గ్లోబ్ 2013లో ఒకటైపోయాయి.

రైతుల కోసమే పెట్టిన కంపెనీ ఒకటి మధ్యలో వచ్చింది. జర్మనీకి చెందిన ర్యాపిడ్‌ఐ 2008 ఆగస్టు 29న ఒకే రాకెట్టులో ఐదు ఉపగ్రహాలు పంపి, ఐదింటినీ ఒకే దారిలో వరసగా నడిపింది. పంటల బీమా వాళ్లు, వ్యవసాయ సంస్థలు కొంటాయనుకున్నారు. అనుకున్నంత మంది రాలేదు. 2011లో దివాలా తీసి చేతులు మారింది. ఆ ఐదు మాత్రం 2020 దాకా పనిచేశాయి. ఆ చిత్రాలు నేను వాడాను. మంచి రంగు. మిరప తోటనూ పత్తినీ వేరుచేయడంలో మాకు చాలా తోడ్పడ్డాయి.

ర్యాపిడ్‌ఐ ఎగిరిన 2008లోనే మరొకటి జరిగింది. అమెరికా ల్యాండ్‌శాట్ భాండారాన్ని మొత్తం ఉచితం చేసేసింది. బాగా అమ్ముడుపోయిన 2001లో ఏడాదికి 25,000 దృశ్యాలు పోయేవి. ఉచితం అయ్యాక ఏడాదికి పది లక్షలు దాటాయి. పాతికేళ్ల వ్యాపార ప్రయోగానికి అంతకంటే సూటి జవాబు ఉండదనుకున్నాం మేము. ఇక నేలను చూసే పని ప్రభుత్వాలదే, యుద్ధాలను చూసే పని కంపెనీలది అని మా ఆఫీసులో టీ తాగుతూ తేల్చేశాం కూడా.

అప్పుడొచ్చారు ఈ పావురాల వాళ్లు. విల్ మార్షల్, రాబీ షింగ్లర్, క్రిస్ బోషుయిజెన్, ముగ్గురూ కాలిఫోర్నియాలో నాసా ఎయిమ్స్ కేంద్రంలో పనిచేసినవాళ్లు. మన జేబులో ఉండే ఫోను లోపలి చిప్పులే అంతరిక్షంలో పనిచేస్తాయా అని చూసిన ప్రయోగాల వాతావరణం నుంచి బయటికి వచ్చి 2010 చివర కంపెనీ పెట్టారు. వాళ్లు తిరగేసిన లెక్క ఇది: ఒక్కటే ఖరీదైనది కట్టి, అది పోతుందేమోనని భయపడే బదులు, చవకగా వందలు కట్టి, కొన్ని పోతాయని ముందే రాసుకుంటే?

లెక్కల మాస్టార్లు ఒక్క నిమిషం ఓపిక పట్టండి. భూమధ్యరేఖ పొడవు 40,000 కిలోమీటర్లు. ఐదు వందల కిలోమీటర్ల ఎత్తులో ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం సుమారు 94 నిమిషాలకు ఒక చుట్టు చొప్పున రోజుకు పదిహేను చుట్లు తిరుగుతుంది. అది ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు కింద భూమి దాదాపు 2,600 కిలోమీటర్లు పక్కకు తిరిగిపోతుంది. ఒక డవ్ తీసే పట్టీ వెడల్పు సుమారు 25 కిలోమీటర్లు. ఒక్కటే ఉంటే రెండు పట్టీల మధ్య 2,600 కిలోమీటర్ల ఎడం మిగిలిపోతుంది. ఆ ఎడం పూడాలంటే 2,600ను 25తో భాగించండి: నూరుకు కాస్త పైన. నూరు డవ్‌లను ఒకే దారిలో, ఒకదాని వెనక ఒకటి ఒక నిమిషం కంటే తక్కువ తేడాతో, పూలదండలా నిలబెడితే ముందుది తీసిన పట్టీ పక్కనే వెనకది తీస్తుంది. ఎవరూ కెమెరా తిప్పనక్కర్లేదు, ఎక్కడ తీయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. భూమే తిరుగుతూ తనను తాను చూపించుకుంటుంది. ఆ 88 ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా.

కాగితం మీద లెక్క సులువే. మొదటి మంద, 28 డవ్‌లు, 2014 జనవరిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకుతో పాటు వెళ్లి, ఫిబ్రవరిలో అక్కడి నుంచి బయటికి వదిలారు. ఆ కేంద్రం ఎత్తు నాలుగు వందల కిలోమీటర్ల చిల్లర. అక్కడ పలచగా ఉన్న గాలి కూడా ఈడ్చేస్తుంది కాబట్టి ఏడాది అటూ ఇటూగా రాలిపోతాయి. అదీగాక ఆ కక్ష్య ధ్రువాల దాకా పోదు, ఒకచోటికి రోజూ ఒకే వేళకు రాదు. 2014 అక్టోబరు 28న అంటారెస్ రాకెట్టు లేచిన కొద్ది సెకన్లకే పేలి, అందులోని 26 డవ్‌లు బుగ్గయ్యాయి. 2015 జూన్ 28న ఫాల్కన్ రాకెట్టు పేలుడులో మరో ఎనిమిది. ఎనిమిది నెలల్లో 34. ఇకోనోస్ కాలపు కంపెనీ అయితే తలుపులు మూసుకునేది. వీళ్లు అంటారెస్ పేలిన కొద్ది రోజుల్లోనే రెండు కొత్తవి కట్టి తర్వాతి రాకెట్టుకు అందించారు. ఉపగ్రహాలను కట్టేది వాళ్ల ఆఫీసు భవనంలోనే. కొన్నిటి పక్క పలకల మీద చిత్రకారులతో బొమ్మలు చెక్కించారట. ఏడాదో రెండేళ్లో ఉండి కాలిపోయే దానికి ఆ ముచ్చట నాకు నచ్చింది.

వాళ్లకు కావాల్సింది సరైన ఎత్తు, ధ్రువాల దారి, ఉదయం పూట ఒకే వేళకు వచ్చే కక్ష్య. అది పీఎస్‌ఎల్‌వీ దగ్గర దొరికింది. 2016 జూన్ 22న పన్నెండు డవ్‌లతో పరీక్షించుకుని, 2017లో 88 పంపారు. జులైలో మరో 48 రష్యా రాకెట్టులో వెళ్లాయి. నవంబరు వచ్చేసరికి భూమి మీద నేలంతటినీ రోజుకోసారి తీస్తున్నామని ప్రకటించారు. అంత నిశితమైన చూపుతో లోకంలో అంతకుముందు ఎవరూ చేయని పని అది. ఆ దండలో ఎక్కువ పూలు శ్రీహరికోట నుంచి వెళ్లినవే.

అయితే రాకెట్టు వదిలిపెట్టినప్పుడు 88 ఒకే చోట గుంపుగా ఉంటాయి. వాటిని దండలా ఎడం చేయాలి. ఆ డవ్‌లకు ఇంజను లేదు, ఇంధనం లేదు. ఉన్నవి రెక్కల్లాంటి సౌరఫలకాలు, లోపల తిరిగే చిన్న చక్రాలు. కొన్నిటిని రెక్కలు గాలికి ఎదురుగా ఉండేలా తిప్పుతారు, కొన్నిటిని గాలిని కోసుకుపోయేలా ఓరగా ఉంచుతారు. ఎదురు నిలిచినది గాలి ఒరిపిడికి కొంచెం కిందికి దిగుతుంది. కిందికి దిగినది వేగంగా తిరుగుతుంది కాబట్టి ముందుకు పోతుంది. ఆపితే ముందుకు పోవడమా అని మా పిల్లవాడు అడిగాడు. ఆకాశంలో అంతే. తగినంత ఎడం వచ్చాక దాన్నీ ఓరగా తిప్పేస్తారు. ఇలా నెలల తరబడి, ఒక్కో దాన్ని కాస్త కాస్త జరుపుకుంటూ వరస కడతారు. మన పులికాట్‌లో తెరచాప పడవల వాళ్లు గాలితో బేరమాడినట్టే.

తర్వాత రోజువారీ సంసారం. ఒక డవ్ ఒక యాంటెన్నాకు కనిపించేది ఏడెనిమిది నిమిషాలు. ఆ కాస్త సేపట్లో బొమ్మలన్నీ దింపుకోవాలి, కొత్త ఆజ్ఞలు ఎక్కించాలి. అది వెళ్లగానే వెనకది వచ్చేస్తుంది. నూరు ఉపగ్రహాలకు నూరు మంది మనుషులు కూర్చుని చేసే పని కాదు కాబట్టి ఏ డవ్ ఏ యాంటెన్నాతో ఎప్పుడు మాట్లాడాలో ప్రోగ్రాములే తేలుస్తాయి. ఏదైనా పలకడం మానేస్తే దాన్ని వదిలేసి పక్కదానితో సర్దుకుంటాయి. నూరు కెమెరాలు నూరు రకాల రంగు చూపిస్తే మాలాంటి వాడికి పనికిరాదు. పొలం ఎండిందా, కెమెరా మారిందా తెలియదు. అందుకు వాళ్లు చంద్రుణ్ణి ఫోటో తీసి చూసుకుంటారు, ఎందుకంటే చంద్రుడి రంగు మారదు. ల్యాండ్‌శాట్ తీసిన చోటునే తాము తీసిన చిత్రంతో సరిపోల్చుకుంటారు. ఇది కొంచెం ఆగి చూడాల్సిన సంగతి. అమ్మకానికి పెట్టిన తూకం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ తూకమే ఆధారం.

ఇన్ని చేసినా డవ్ ఆయుష్షు రెండు మూడేళ్లు. ఇది కొబ్బరి తోట కాదు, వరి మడి. ఏటా నారు పోయాల్సిందే. అందుకే 2018, 2019లలో కూడా పీఎస్‌ఎల్‌వీలో మందలు మందలుగా వెళ్లాయి. మన పిల్లలు చూసిన రాకెట్లలో చాలావాటిలో ఈ నారు ఉంది.

అడగకపోయినా తీసిపెట్టడం వల్ల ఏమొచ్చింది అంటే ఒక ఉదాహరణ. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో ఉన్నట్టుండి వరద వచ్చి తపోవన్ దగ్గర విద్యుత్ ప్రాజెక్టును ఊడ్చేసింది, రెండు వందల మందికి పైగా పోయారు. మొదట హిమనదం దగ్గరి సరస్సు తెగిందన్నారు. ముందురోజు, ఆ రోజు డవ్‌లు తీసిన చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే, రోంటీ శిఖరం వాలు నుంచి రాయీ మంచూ కలిసి పెద్ద చెక్క ఊడిపడినట్టు కనిపించింది, లోయంతా దుమ్ము. ఆ కొండవాలును ముందురోజు ఫోటో తీయమని ఎవరు అడుగుతారు? ఎవరూ అడగలేదు.

మన చెరువును కూడా ఎవరూ అడగలేదు. బడి తూర్పు వైపు చెరువు ఉత్తరపు మూల 2021లో మళ్లీ బడి తెరిచేసరికి మెరకై, చదునై, రాళ్లు పాతి ఉంది. ఆ మూలలోనే మనలో సగం మంది ఈత నేర్చుకున్నాం. సంఘం తరఫున అర్జీ పెట్టినప్పుడు వచ్చిన జవాబు, అది మొదట్నుంచీ మెరకేనని. నేను ముందు ఉచిత చిత్రాలు తీశాను. 1990 ప్రాంతపు ల్యాండ్‌శాట్‌లో ఆ మూల నిండా నీళ్లు. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 కూడా ఉచితమే. దానిలో 2019 చివర నీళ్లున్నాయి, 2020 వానల తర్వాత లేవు. ఏ రోజుల్లో పూడ్చారో తేల్చడానికి డవ్ చిత్రాలు వెతికాను. లాక్‌డౌన్ నడుస్తున్న మే నెల. 11వ తేదీన చెరువు ఎండి బూడిద రంగులో ఉంది, 14న ఆ మూలలో గ్రావెల్ ఎరుపు, దాని దాకా బండ్లు తిరిగిన జాడ. మనుషులంతా ఇళ్లలో ఉన్నారు. పైనుంచి పావురం దాటిపోయింది.

గొప్పగా చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. అర్జీ ఇంకా అలాగే ఉంది. సర్వే శాఖలో చేసి రిటైరైన మన సీనియరు ఒకాయన ఫోటోలన్నీ చూసి, "బాగుంది తమ్ముడూ, కానీ ఇది ఎఫ్‌ఎంబీ మీద కూర్చోవాలి కదా" అన్నారు. నిజమే. ఆ చిత్రంలో ఒక చుక్క నేల మీద మూడు మీటర్లు. చిత్రం మొత్తం కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. గట్టు తగాదా తేల్చడానికి అది చాలదు. ఇంకొకటి, పూడ్చింది మేలో కాబట్టి దొరికింది. అక్టోబరు, నవంబరుల్లో అయితే మన వైపు మబ్బులే మబ్బులు. రోజూ తీస్తారు, రోజూ మబ్బే పడుతుంది.

ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్న కూడా పోలేదు. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం తన ఖాతా ద్వారా యుక్రెయిన్‌కు అందుతున్న ప్రైవేటు ఉపగ్రహ చిత్రాలను కొన్నాళ్లు ఆపేసింది. యుద్ధంలో ఉన్న దేశం ఒక పొద్దున లేచి చూస్తే బొమ్మలు తెరుచుకోలేదు. 2001లో చెక్కుతో చేసిన పని ఈసారి ఒక మీట నొక్కి చేశారు. ఉపగ్రహాలు ఎన్ని ఎగిరినా పెద్ద ఆసామి వాళ్లే కదా. అందుకే 2025 ఆగస్టులో మన దేశంలో పిక్సెల్ నాయకత్వంలోని బృందానికి పన్నెండు ఉపగ్రహాల సొంత వరస కట్టే పని అప్పగించారన్న వార్తను నేను రెండుసార్లు చదివాను. 1,200 కోట్ల రూపాయలకు పైగా ఖర్చయ్యే పని. ఆ బృందంలో హైదరాబాదుకు చెందిన ధ్రువ స్పేస్ ఉంది. పన్నెండంటే రోజూ అన్నిచోట్లా తీసే వరస కాదు, ఎంచుకుని తీసేదే అవుతుంది. వాళ్లు తీసి దాచిపెట్టే వాటిలో ఎవరూ అడగని ఊళ్లకు చోటుంటుందా అన్నది నేను చూడాలనుకుంటున్నాను.

సంపాదకులు ఆ మే నెల ఫోటోలు రెండూ ఈ వ్యాసం పక్కన వేద్దామన్నారు. కుదరదు. అవి మా సంస్థ లైసెన్సు మీద తీసుకున్నవి, అచ్చు వేసే హక్కు మాకు లేదు. 1990 నాటి ల్యాండ్‌శాట్ బొమ్మను మాత్రం పెద్ద సైజులో ప్రింటు తీయించి హెడ్మాస్టరు గారి గదికి ఇచ్చాను, అది ఉచితం. చెరువు నల్లగా, నిండుగా ఉంటుంది, బడి దాని పక్కన రెండు చుక్కలు. మిగతావి చూడాలనుకున్నవాళ్లు జూబిలీ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎనిమిదో తరగతి గదికి రండి, ల్యాప్‌టాప్ తెస్తాను.